మన నెలలను ఎవరూ ఎత్తుకుపోలేదు: ఒక సందేశానికి ఖండన

ఉగాది దగ్గర పడిందంటే చాలు, ఒక సందేశం మళ్ళీ మన ఫోన్లలోకి వచ్చి చేరుతుంది. ఈసారి మా బంధువుల బృందంలోనే నాలుగు చోట్ల నుంచి వచ్చింది. పంపినవారిలో పంచాంగం చూడనిదే ప్రయాణం పెట్టుకోని పెద్దలూ ఉన్నారు, ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలూ ఉన్నారు. నెల అనే లెక్కను లోకానికి ఇచ్చింది మనమేననీ, మిగిలినవారంతా మన దగ్గర ఎత్తుకుపోయారనీ అది మొదలవుతుంది. మనం ఆకాశాన్ని పన్నెండు అంబరాలుగా విభజించామనీ, సెప్టెంబరు అంటే సప్తాంబరం, అక్టోబరు అంటే అష్టాంబరం, నవంబరు నవాంబరం, డిసెంబరు దశాంబరం అనీ అంటుంది. ఎక్స్‌మస్ అంటే పదో మాసం అంటుంది. ఏప్రిల్ 1న మనం కొత్త సంవత్సరం జరుపుకుంటుంటే ఆంగ్లేయులు ఎగతాళిగా దానికి మూర్ఖుల దినమని పేరు పెట్టారంటుంది. అగస్టస్ చక్రవర్తి తన పేరు పెట్టుకున్న నెలను పెంచుకోవడానికి ఫిబ్రవరి నుంచి ఒక రోజు లాక్కున్నాడు గనుక ఇంగ్లీషు నెలలకు అర్థమే లేదంటుంది. మధ్యలో అయిదేసి శుక్ర, శని, ఆదివారాలు ఉండే నెల 823 ఏళ్ళకు ఒకసారే వస్తుందని ఒక మాట చెప్పి, మన నెలలు మాత్రం ఋతువులతో అణువంత తేడా లేకుండా నడుస్తాయని ముగిస్తుంది.

పంచాంగం మీద నాకు ప్రేమ ఉంది. చిన్నప్పుడు మా తాతగారి పక్కన కూర్చుని తిథులు చదవడం నేర్చుకున్నవాణ్ణి. ఆ ప్రేమ వల్లనే ఈ సందేశం నన్ను బాధ పెడుతుంది. మనవాళ్ళు నిజంగా సాధించినదాన్ని ఇది ఒక్క ముక్క కూడా చెప్పదు, సాధించనిదాన్ని మాత్రం వాళ్ళకు అంటగడుతుంది. అందుకే ఒక్కొక్క మాటనూ విడివిడిగా పరిశీలిస్తాను.

నెల మన సొత్తేనన్న మాట

తెలుగులో నెల అంటే మొదట చంద్రుడు, ఆ తరువాతే ముప్పై రోజుల కాలం. నెలవంక, నెలరాజు, శివుణ్ణి పిలిచే నెలతాల్పు, అమావాస్య దాటాక పడమట సన్నగా కనిపించే తొలి రేఖకు పెట్టుకున్న నెలపొడుపు అనే పేరు, అన్నీ ఆ మొదటి అర్థాన్నే మోస్తున్నాయి. కన్నడంలో తింగళు అన్నా, తమిళంలో తింగళ్ అన్నా చంద్రుడూ అదే, నెలా అదే. సంస్కృతంలో మాసానికి మూలమైన మాస్ శబ్దానికి చంద్రుడనే అర్థం కూడా ఉంది, చంద్రమస్సు అనే మాట చివర ఇప్పటికీ అది వినబడుతుంది. లాటిన్‌లో నెలకు మెన్సిస్, గ్రీకులో మేన్, పారశీకంలో చంద్రుడికీ నెలకూ మాహ్ (హైదరాబాదులో రోజూ వినే మహీనా దాని బిడ్డే), ఇంగ్లీషులో చంద్రుడు మూన్, నెల మంత్. ఇవన్నీ ఒకే కుదురు నుంచి పెరిగిన మాటలు, కొలవడం అనే అర్థంతో ముడిపడిన మాటలు. ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లల ముఖాలు కలిసినంత మాత్రాన ఒకరి ముఖాన్ని మరొకరు దొంగిలించారని అనుకోము కదా.

ఇంకా పెద్ద ఆధారం ఈ కుటుంబానికి బయట ఉంది. చైనా భాషలో యుయె అనే ఒకే అక్షరానికి చంద్రుడు, నెల అనే రెండు అర్థాలూ ఉన్నాయి. తుర్కీ భాషలో అయ్ అనే మాట కూడా అంతే. మన నెల, వాళ్ళ యుయె, వీళ్ళ అయ్, మూడింటికీ పరస్పరం చుట్టరికం లేదు, సంస్కృతంతోనూ లేదు. అయినా అందరూ ఒకే పని చేశారు, ఆకాశంలో పెరిగి తరిగే వెలుగు పేరునే కాలానికి పెట్టుకున్నారు. దీనికి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవలసిన అవసరం లేదు. పల్లెలో ఆరుబయట మంచం వేసుకుని పడుకున్న ఎవరికైనా రెండు పున్నములు గడిచేసరికి తెలిసిపోయే సంగతి ఇది.

సంవత్సరానికి పన్నెండు నెలలు ఉండడం కూడా అలాంటిదే. ఒక అమావాస్య నుంచి మరొక అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. ఒక వేసవి నుంచి మరొక వేసవికి 365 రోజుల చిల్లర పడుతుంది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేది 12.37. అందుకే బాబిలోనులోనూ చైనాలోనూ మన దగ్గరా పన్నెండు నెలలే వచ్చాయి. ఆ పన్నెండు పక్కన మిగిలిన 0.37 దగ్గరే అసలు కష్టం మొదలవుతుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే గనుక ప్రతి ఏటా సుమారు 11 రోజులు వెనకబడతాయి. ఈ పదకొండు రోజులను ఏం చేయాలన్న ప్రశ్నకు ఒక్కొక్క జాతి ఒక్కొక్క జవాబు చెప్పుకుంది. ఇస్లామీ పద్ధతి ఆ తేడాను సర్దే ప్రయత్నమే వద్దనుకుంది, అందుకే రంజాన్ నెల ఏటేటా ముందుకు జరుగుతూ అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. రోమన్లు చివరికి చంద్రుణ్ణే వదిలేశారు. మనవాళ్ళు చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ ఇద్దరినీ పట్టుకున్నారు.

మనం గర్వపడవలసిన చోటు ఇదీ. ఋగ్వేదం మొదటి మండలం 25వ సూక్తంలో వరుణుడికి పన్నెండు నెలలూ తెలుసు, వాటి మీద పుట్టుకొచ్చే మరొక నెలా తెలుసు అనే మాట ఉంది. ఆ పదమూడో నెలే మన అధికమాసానికి పూర్వరూపం. వేదాంగ జ్యోతిషం అయిదేళ్ళ యుగానికి 1830 రోజులనీ 62 చాంద్రమాసాలనీ లెక్క కట్టింది. అందులో రెండు అధికమాసాలు. ఆ లెక్క ముతకది, కాని మనవాళ్ళు అక్కడ ఆగిపోలేదు. సూర్యసిద్ధాంతం 43,20,000 సంవత్సరాల మహాయుగంలో 1,57,79,17,828 రోజులూ 5,34,33,336 చాంద్రమాసాలూ ఉంటాయంటుంది. ఒకదానితో ఒకటి భాగించి చూడండి, నెలకు 29.530588 రోజులు వస్తుంది. నేటి ఖగోళశాస్త్రం చెప్పే సగటుకూ దీనికీ తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. బాబిలోను జ్యోతిష్కులు సాధించిన విలువ కూడా అర సెకను తేడాలోనే ఉంది, అది ఇంకా పాతది. ఇరువురూ గొప్పవారే. దొంగతనం కథ వీరిలో ఎవరి శ్రమనూ చూడనివ్వదు.

సప్తాంబరం, అష్టాంబరం

సందేశంలో నిజానికి దగ్గరగా వచ్చే మాట ఇదొక్కటే. సెప్టెంబరులో ఏడు, అక్టోబరులో ఎనిమిది, నవంబరులో తొమ్మిది, డిసెంబరులో పది దాగి ఉన్న మాట నిజం, రోమన్ల పాత సంవత్సరం మార్చితో మొదలయ్యేది మరి. అయితే అవి లాటిన్ అంకెలు: సెప్టెమ్, ఆక్టో, నోవెమ్, డెకెమ్. సప్త, అష్ట, నవ, దశలతో వీటికి పోలిక ఉండడానికి కారణం పైన చెప్పిన చుట్టరికమే. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రకటించిన నాటి నుంచి ఈ విషయం మీద పుష్కలంగా పని జరిగింది.

ఈ నెలలు అంబరాల నుంచి పుట్టలేదనడానికి రోమన్ల పంచాంగంలోనే తిరుగులేని సాక్ష్యం ఉంది. ఏడో నెలకు ముందున్న అయిదో నెలనూ ఆరో నెలనూ వాళ్ళు ఏమని పిలిచారు? క్వింటిలిస్, సెక్స్‌టిలిస్. అయిదోది తరువాత జూలై అయింది, ఆరోది ఆగస్టు అయింది. ఆకాశాన్ని పన్నెండు భాగాలు చేసి అంబరమని పేరు పెట్టిన సంస్కృత పద్ధతిని వాళ్ళు ఎత్తుకుపోయి ఉంటే ఈ రెండూ పంచాంబరం, షష్ఠాంబరం కావలసింది. కాలేదు. పైగా మన గ్రంథాలలో ఎక్కడా సప్తాంబరం అనే నెల లేదు. వేదకాలంలో మన నెలల పేర్లు మధు, మాధవ, శుక్ర, శుచి, నభ, నభస్య, ఇష, ఊర్జ, సహ, సహస్య, తప, తపస్య. ఇవి ఋతువుల స్వభావాన్ని పట్టి పెట్టిన పేర్లు, జంటగా రెండేసి ఒక్కొక్క ఋతువుకు. ఆ తరువాత వచ్చినవి పున్నమి నాడు చంద్రుడు ఏ నక్షత్రం దగ్గర ఉంటాడో దాన్ని పట్టి పెట్టినవి: చిత్త దగ్గర ఉంటే చైత్రం, విశాఖ దగ్గర ఉంటే వైశాఖం, కృత్తిక దగ్గర ఉంటే కార్తికం. రాత్రి బయటికి వచ్చి తలెత్తితే ఏ నెలో చెప్పగలిగే ఈ పేర్లలోని అందాన్ని వదిలేసి, వరస అంకెలు తగిలించిన రోమన్ పేర్లకు మనం వారసులమని చెప్పుకోవడం నాకు మింగుడు పడదు.

మార్చి మొదటి నెల కావడం కూడా మన చైత్రాన్ని చూసి చేసినది కాదు. మార్స్ రోమన్ల యుద్ధదేవత, చలికాలం పోయి సేనలు కదిలే వేళ అది. బాబిలోను వారి మొదటి నెల నిసన్ను కూడా వసంతంలోనే వస్తుంది, పారశీకుల నౌరోజు కూడా. మన సంప్రదాయంలోనే సంవత్సరాది ఒక్కటిగా లేదు. వేదాంగ జ్యోతిషం మాఘ శుద్ధ పాడ్యమితో యుగాన్ని మొదలుపెడుతుంది, గుజరాతీలు నేటికీ కార్తికంతో మొదలుపెడతారు.

ఎక్స్‌మస్

ఇది రెండు మాటలలో తేలిపోతుంది. ఎక్స్ ఇక్కడ రోమన్ పది కాదు, గ్రీకు అక్షరం ఖీ. గ్రీకులో క్రీస్తు పేరు ఆ అక్షరంతో మొదలవుతుంది, క్రైస్తవ రాతప్రతులలో ఆ పేరును అలా కుదించి రాయడం చాలా పాత అలవాటు. చివరి మస్ చర్చిలో జరిగే మాస్ అనే ఆరాధన. డిసెంబరు పదో నెల అన్న సంగతికీ 25వ తేదీన చేసుకునే ఒక పండుగ పేరుకూ ముడి లేదు.

ఏప్రిల్ 1న మన ఉగాది అన్న మాట

ఈ ఒక్కటి మాత్రం తెలుగువాళ్ళు ముందుకు పంపడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది, ఎందుకంటే మన ఇంటి గోడ మీదే జవాబు వేలాడుతోంది. ఉగాది 2022లో ఏప్రిల్ 2న వచ్చింది, 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. చైత్ర శుద్ధ పాడ్యమి చంద్రుణ్ణి పట్టి నడుస్తుంది గనుక ఒక ఇంగ్లీషు తేదీకి కట్టుబడి ఉండదు. ఏటా ఏప్రిల్ 1న వచ్చే సంవత్సరాది మన దేశంలో ఏ ప్రాంతానికీ లేదు. సౌరమానం పాటించే తమిళులకూ బెంగాలీలకూ అది ఏప్రిల్ మధ్యలో వస్తుంది. ఏప్రిల్ 1న మొదలయ్యేది ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం, అది 1867లో ఆంగ్లేయులే పెట్టినది.

ఇంగ్లండులో ఏప్రిల్ 1ని మూర్ఖుల పండుగగా చెప్పుకోవడం 1686లో జాన్ ఆబ్రీ అనే ఇంగ్లీషు రచయిత రాతలో కనబడుతుంది. అప్పటికి తెలుగునాట ఇంగ్లీషువారి స్థితి ఏమిటి? మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకుని గోల్కొండ సుల్తాను ఫర్మానాల మీద బట్టల వ్యాపారం చేసుకుంటున్న వర్తకులు వాళ్ళు. గోల్కొండ కోట మొగలుల చేతికి పోయింది మరుసటి ఏడు. మన పండుగను చూసి పాలకులు ఎగతాళి చేశారనడానికి అప్పుడు వాళ్ళు పాలకులే కారు.

1582లో పోపు గ్రెగరీ సంవత్సరాదిని ఏప్రిల్ నుంచి జనవరికి మార్చాడని కూడా ఈ కథలో చేర్చి చెబుతుంటారు. ఆయన సవరణ లీపు సంవత్సరాలకూ ఈస్టర్ లెక్కకూ సంబంధించినది, ఆ ఏడు అక్టోబరు 4 మరునాడు అక్టోబరు 15 వచ్చింది. రోములో కాన్సుల్ అనే అత్యున్నత పాలకుల పదవీకాలం జనవరి 1న మొదలుకావడం క్రీ.పూ. 153 నుంచే ఉంది. ఫ్రాన్సు రాజు 1564లోనే సంవత్సరాదిని జనవరి 1గా శాసించాడు. ఇంగ్లండు 1752 దాకా మార్చి 25ను సంవత్సరాదిగా పట్టుకుని కూర్చుంది, ఏప్రిల్ 1ని కాదు.

ఆగస్టు దోచుకున్న రోజు

ఈ కథను పాఠశాలలో మాస్టారు చెప్పగా నేనూ విన్నాను, చాలాకాలం నమ్మాను. వినడానికి బాగుంటుంది. జూలియస్ నెలకు 31 రోజులు, నా నెలకు 30 ఏమిటని అగస్టస్ అలిగి, ఫిబ్రవరి నుంచి ఒకటి తీసి తన నెలకు కలిపాడట. ఇది 13వ శతాబ్దంలో సాక్రోబోస్కో అనే పండితుడి పుస్తకం ద్వారా వ్యాపించిన ఊహ. సీజరు సంస్కరణకు ముందు నాటి రోమన్ పంచాంగం ఒకటి గోడ మీద రాసినది ఇటలీలోని అంజియో పట్టణంలో ముక్కలుగా దొరికింది, దాన్ని బట్టీ రోమన్ రచయితలు రాసిపెట్టిన వివరాలను బట్టీ పాత నెలల నిడివి మనకు తెలుసు. మార్చి, మే, క్వింటిలిస్, అక్టోబరులకు 31, ఫిబ్రవరికి 28, మిగిలిన ఏడింటికీ 29 చొప్పున మొత్తం 355. అంటే ఫిబ్రవరి అగస్టస్ పుట్టకముందే 28 రోజుల నెల.

ఈ అంకెలు అలా ఎందుకు ఉన్నాయంటే, రోమన్లు సరిసంఖ్యలను అశుభంగా భావించారు. పితృదేవతల కర్మలూ శుద్ధి కర్మలూ జరిగే ఫిబ్రవరి ఒక్కదానికే సరిసంఖ్య ఇచ్చారు. క్రీ.పూ. 46లో జూలియస్ సీజరు సంవత్సరాన్ని 365 రోజులు చేయడానికి పది రోజులు కలపవలసి వచ్చినప్పుడు ఫిబ్రవరిలోని కర్మలకు భంగం రాకూడదని దాన్ని ముట్టుకోలేదు. జనవరి, సెక్స్‌టిలిస్, డిసెంబరులకు రెండేసి, ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, నవంబరులకు ఒక్కొక్కటి కలిపాడు. సెక్స్‌టిలిస్‌కు 31 రోజులు అప్పుడే వచ్చాయి. దానికి ఆగస్టు అనే పేరు పెట్టింది క్రీ.పూ. 8లో, రోజులు పెరిగిన మూడు దశాబ్దాలకు పైగా గడిచాక. ఆ పేరు పెడుతూ సెనేటు చేసిన తీర్మానం మనకు దక్కింది. అందులో అగస్టస్ ఆ నెలలో సాధించిన విజయాలు ఉన్నాయి, ఈజిప్టును గెలవడం ఉంది, రోజు కలపడం లేదు.

ఈ నెలలకు చంద్రుడితో పుట్టుకలోనే సంబంధం లేదనడం కూడా పొరపాటు. రోమన్ల నెలలో మూడు గుర్తులు ఉండేవి: కలెండ్స్, నోన్స్, ఐడ్స్. నెలపొడుపు కనబడగానే పూజారి కాపిటోలు కొండ మీద జనాన్ని పిలిచి నోన్స్ ఎన్నో రోజున వస్తుందో చాటే రోజు కలెండ్స్. ఐడ్స్ మొదట్లో పున్నమి. పిలవడం అనే ఆ క్రియాపదం నుంచి కలెండ్స్ వచ్చింది, అప్పుల మీద వడ్డీ ఆ రోజున కట్టాలి గనుక వడ్డీవ్యాపారి పద్దుల పుస్తకానికి కలెండారియం అనే పేరు వచ్చింది, మనం గోడకు తగిలించే క్యాలెండరు అనే మాట దాని నుంచి వచ్చింది. ఈ దారి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే మన పల్లెల్లో ఇవాళ్టికీ రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలనే అర్థం. సంవత్సరం లెక్కన వడ్డీ చెప్పేది బ్యాంకు వాళ్ళే. అప్పు తీసుకున్నవాడికి నెల ఎంత బరువో రోములోనూ గుంటూరు జిల్లాలోనూ ఒకేలా తెలుసు.

823 ఏళ్ళ నెల

31 రోజుల నెల శుక్రవారం నాడు మొదలైతే అందులో అయిదు శుక్రవారాలు, అయిదు శనివారాలు, అయిదు ఆదివారాలు ఉండక తప్పదు. 2022 జూలై అలాంటిది, 2023 డిసెంబరు, 2024 మార్చి, 2025 ఆగస్టు కూడా. గ్రెగోరియన్ క్యాలెండరు మొత్తం 400 ఏళ్ళకు ఒకసారి వారాలతో సహా తిరిగి మొదలవుతుంది గనుక 823 ఏళ్ళకు ఒకసారి అనేది అందులో సాధ్యమే కాదు.

మన నెలలు ఋతువులతో అణువంత తేడా లేకుండా నడుస్తాయన్న మాట

ఇది చాలామంది నిజమని నమ్మే మాట, భక్తితో నమ్మే మాట, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. శ్రావణ మాసాన్ని తీసుకోండి. అది 2022లో జూలై 29న మొదలైంది. 2023లో నిజ శ్రావణం మొదలైంది ఆగస్టు 17న. వర్షాలు పంతొమ్మిది రోజులు ఆగి రాలేదు, నెల జరిగింది. చాంద్రమాసం ప్రతి ఏటా పదకొండు రోజులు ముందుకు జరిగి, రెండున్నరేళ్ళకూ మూడేళ్ళకూ మధ్య ఒక అధికమాసం పడగానే వెనక్కి వస్తుంది. ఊయల లాంటి ఆ ఊపులో ఋతువుకు దగ్గరగా ఉంటుందే తప్ప ఋతువు మీద ఆగి నిలబడదు.

మన రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే విత్తనానికీ నాటుకూ అతడు చూసేది నెలను కాదు, కార్తెను. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణి కార్తె ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీలలో వచ్చి తీరతాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని నానుడి పుట్టింది, జ్యేష్ఠంలో పగులుతాయని పుట్టలేదు. పండుగకు చంద్రుడు, సాగుకు సూర్యుడు అని ఇద్దరినీ వేరువేరుగా వాడుకున్న తెలివి మనది. అన్నీ ఒక్క నెలతోనే సరిపోయేవని చెప్పడం ఆ తెలివిని చిన్నబుచ్చడమే.

అధికమాసం ఎలా పడుతుందో ఒకసారి దగ్గరగా చూస్తే మనవాళ్ళు ఎంత సున్నితమైన యంత్రాన్ని కట్టారో తెలుస్తుంది. సూర్యుడు ఒక రాశి నుంచి మరొక రాశిలోకి అడుగుపెట్టడం సంక్రమణం. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య ఒక్క సంక్రమణమూ జరగకపోతే ఆ నెల అధికం. ఏ రాజూ ఏ సభా తీర్మానం చేయనక్కర లేదు, ఆకాశమే చెబుతుంది. రోములో సీజరుకు ముందు అధికమాసం వేయడం పూజారుల చేతిలో ఉండేది, తమవాళ్ళు పదవిలో ఉంటే ఏడాదిని పొడిగించి ఎదుటివాళ్ళు ఉంటే కుదించారన్న నింద వాళ్ళు మోశారు. మన పద్ధతిలో ఆ అవకాశమే లేదు. భూమి సూర్యుడికి దగ్గరగా ఉండే చలికాలంలో సూర్యుడు రాశులను త్వరగా దాటుతాడు గనుక అప్పుడప్పుడు ఒకే చాంద్రమాసంలో రెండు సంక్రమణాలు పడి ఒక నెల మాయమవుతుంది. అది క్షయమాసం. 1963-64లో వచ్చింది, 1982-83లో వచ్చింది.

ఇంట్లో 2004 నాటి పంచాంగం ఉంటే తీసి 2023 పంచాంగం పక్కన పెట్టండి. నేను పెట్టి చూశాను. మా అమ్మగారు పూజగదిలో పాత పంచాంగాలను పసుపు గుడ్డలో కట్టి దాచేవారు, ఆ మూటలోనే 2004ది దొరికింది, అంచులు పొడిరాలుతూ. అందులో అధిక శ్రావణం జూలై 18న మొదలై ఆగస్టు 16 అమావాస్యతో ముగిసింది. 2023 పంచాంగంలోనూ అధిక శ్రావణమే, అదే జూలై 18, అదే ఆగస్టు 16. పంతొమ్మిది సంవత్సరాలకూ 235 చాంద్రమాసాలకూ తేడా రెండు గంటలే కావడం దీనికి కారణం. క్రీ.పూ. 5వ శతాబ్దపు బాబిలోనుకూ ఏథెన్సు జ్యోతిష్కుడు మెటన్‌కూ ఈ పంతొమ్మిదేళ్ళ చక్రం తెలుసు. మన పంచాంగం దాన్ని నియమంగా పెట్టుకోకుండానే, సంక్రమణాలను మాత్రమే చూసుకుంటూ పోయి, అదే చోటికి చేరుకుంది.

ఇక తేడా ఉన్న చోటు. మన సౌరమానం నక్షత్రాలను పట్టి కొలిచేది. సూర్యసిద్ధాంతం సంవత్సరం 365.2588 రోజులు, ఋతువుల సంవత్సరం 365.2422 రోజులు. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాల ఏడాది ఋతువుల ఏడాది కంటే ఇరవై నిమిషాలు పొడవు, సూర్యసిద్ధాంతం లెక్కలో ఇంకొంచెం ఎక్కువ. సుమారు అరవై, డెబ్బై ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. వివేకానందుడు 1863లో మకర సంక్రాంతి నాడు పుట్టాడు, ఆ రోజు జనవరి 12. ఇప్పుడు మనం సంక్రాంతిని జనవరి 14న, కొన్నేళ్ళు 15న చేసుకుంటున్నాం. ఉత్తరాయణ పుణ్యకాలం అని ఆనాడు స్నానం చేస్తున్నాం గాని, సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీలలో. ఇంగ్లీషు నెలలకు ప్రకృతితో సంబంధం లేదని సందేశం అంటుంది, కాని ఋతువులను పట్టుకునే పనిలో 365.2425 రోజుల గ్రెగోరియన్ లెక్క మన లెక్క కంటే దగ్గరగా ఉంది. ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది, అయినా అంకెలు అవే చెబుతున్నాయి.

ఇది బయటివారు చూపిన తప్పు కాదు. 1952లో భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘం దేశంలో వాడుకలో ఉన్న దాదాపు 30 పంచాంగాలను ముందు పెట్టుకుని, డిసెంబరు 22కూ జనవరి 14కూ మధ్య ఉన్న ఈ 23 రోజుల తేడాను స్పష్టంగా ఎత్తి చూపింది. ఆ సంఘం రూపొందించిన జాతీయ పంచాంగం శక సంవత్సరం 1879 చైత్రం 1 నాడు, అంటే 1957 మార్చి 22న అమలులోకి వచ్చింది. అందులో చైత్రం వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, మరునాడు మొదలవుతుంది. ఎండాకాలంలో సూర్యుడు నెమ్మదిగా కదులుతాడు గనుక వైశాఖం నుంచి భాద్రం దాకా అయిదు నెలలకు 31 రోజులు, ఆశ్వయుజం నుంచి ఫాల్గుణం దాకా 30, చైత్రానికి మామూలుగా 30, లీపు ఏట 31. ఋతువులతో నిజంగా తేడా లేకుండా నడిచే భారతీయ నెలలు కావాలంటే అవి అరవై ఏళ్ళ పైబడి మన దగ్గరే ఉన్నాయి, భారత గెజెట్ మీద ఇంగ్లీషు తేదీ పక్కనే ఇవాళ్టికీ అచ్చవుతున్నాయి.